మైలేజీ నోటుబుక్కు

పెట్రోలు పోయించిన ప్రతిసారీ ఎన్ని లీటర్లు, ఎన్ని కిలోమీటర్లు అన్నది నోటుబుక్కులో రాయడం మా ఇంట్లో నా పని. బండి ఆయన నడిపేవాడు, లెక్క నేను రాసేదాన్ని. ఆయన పోయాక రెండూ నావే అయ్యాయి. నలభై ఎనిమిదేళ్ళ వయసులో లైసెన్సు తీసుకుని, హన్మకొండ నుంచి కాలేజీకి రోజూ ఆ పాత కారులోనే వెళ్ళొస్తున్నాను.

పోయిన వేసవిలో లీటరుకు 15 ఇచ్చే బండి 11కి దిగింది. పొద్దున బాగానే స్టార్టయ్యేది. సాయంత్రం దారిలో కూరగాయలకు ఆపితే మాత్రం మళ్ళీ ఓ పట్టాన కదిలేది కాదు. పెట్రోలు వాసన, వెనక నల్లటి పొగ.

షెడ్డులో మొదటి ప్రశ్న, “సార్ రాలేదా మేడమ్?” చెప్పాను. కాసేపు ఊరుకుని, “సార్ నడిపినప్పుడు ఈ కంప్లైంట్ లేదు” అన్నాడు. నేను క్లచ్ మీద కాలు పెట్టి నడుపుతున్నానట. నోటుబుక్కు తియ్యబోతే, “అవన్నీ ఎందుకు మేడమ్” అని నవ్వాడు. ప్లగ్గులు మార్చాడు. స్కానర్ పెట్టి, ఏ కోడూ రాలేదు, బండి బాగుందన్నాడు. రెండు వారాల తర్వాత వెళ్తే కొత్త ప్లగ్గులూ మసిబారి ఉన్నాయి. “వయసైపోయింది” అన్నాడు. బండికే లెండి.

బెంగుళూరు నుంచి అబ్బాయి, “అమ్మెయ్యమ్మా, క్యాబులో వెళ్ళు” అన్నాడు. ప్రేమతోనే అన్నాడు. మా కాలేజీ దారికి క్యాబు రాదని వాడికి తెలియదు. చెప్పుకోడానికి సిగ్గుగా ఉంది గానీ, నేనూ ఒప్పుకోబోయాను. పొరపాటు నాదేనేమోనని వారం రోజులు నా ఎడమ కాలినే గమనించుకుంటూ నడిపాను. నా చేత్తో రాసుకున్న అంకెల్ని నేనే నమ్మలేదు.

నమ్మింది మా ఫిజిక్స్ లెక్చరరు. నాకంటే పదిహేనేళ్ళు చిన్నది. “అక్కా, చల్లగా ఉంటే బాగుండి వేడెక్కాక మొరాయిస్తోందంటే, ముందు కూలెంట్ టెంపరేచర్ సెన్సార్‌ని చూడాలి” అంది. అందులో ఉండేది థర్మిస్టర్. వేడెక్కేకొద్దీ దాని రెసిస్టెన్స్ తగ్గుతుంది. దాన్నిబట్టే కంప్యూటర్ ఇంజనుకు ఎంత పెట్రోలు పంపాలో లెక్క వేసుకుంటుంది. చల్లటి ఇంజనుకు ఎక్కువ కావాలి. డ్యాష్‌బోర్డు ముల్లు సరిగ్గానే ఉంది కదా అన్నాను. నా బండిలో ముల్లుకు వేరే సెన్సారట.

ఆదివారం ఇంజను పూర్తిగా చల్లారాక (వేడి మీద రేడియేటర్ మూత తీస్తే మరిగే నీళ్ళు మొహం మీదికి చిమ్ముతాయి) దాన్ని ఊడదీసి, మా వంటింట్లో టీగిన్నెలో పెట్టాం. కూలెంట్ విషం, ఆ గిన్నె మళ్ళీ టీకి వాడలేదు. ల్యాబు థర్మామీటరు, మల్టీమీటరు ఆమె తెచ్చింది. ఐసుముక్కలేసి నీళ్ళను 20 డిగ్రీలకు తెచ్చాం. సుమారు 2,500 ఓములు రావాల్సింది, 3,300 వచ్చింది. నాకది పెద్ద తేడా అనిపించలేదు. స్టవ్ వెలిగించాం.

నీళ్ళు కాగేలోపు ఆమె బెర్తా బెంజ్ కథ చెప్పింది. 1888లో భర్తకు చెప్పకుండా, కొడుకులిద్దరినీ వెంటబెట్టుకుని మన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కు కారులో వెళ్ళింది. పెట్రోలు పైపు పూడుకుపోతే టోపీ పిన్నుతో పొడిచి శుభ్రం చేసింది. ఇంజను చల్లబరచడానికి దారి పొడుగునా నీళ్ళు పోసుకుంటూ పోయింది. కారు పేటెంటు ఆయన పేరు మీద. ఆయన వర్క్‌షాపు నిలబడింది ఆమె కట్నం డబ్బుతో.

80 డిగ్రీల దగ్గర 300 చిల్లర ఉండాలి. మా మీటరు 1,100 దగ్గర ఆగిపోయింది. లోపల ఎక్కడో తుప్పు 800 ఓములు కలుపుతోంది. చల్లగా ఉన్నప్పుడు ఆ 800 పెద్ద లెక్కలోది కాదు. వేడెక్కాక అసలు కంటే అదే ఎక్కువ. 80లో ఉన్న ఇంజను కంప్యూటర్‌కు 40లో ఉన్నట్టు కనబడుతోంది. అది పాపం పెట్రోలు పోస్తూనే ఉంది. తీగ పూర్తిగా తెగి ఉంటే కోడ్ వచ్చేది. 40 అన్నది ఇంజనుకు ఉండదగ్గ వేడే కనుక స్కానర్‌కు తప్పేం కనబడలేదు.

స్పేర్ పార్టుల షాపులో, “మెకానిక్ చీటీ ఏదమ్మా?” అన్నాడు. చీటీ నేనే రాశానన్నాను. కొత్తది మేమిద్దరమే బిగించి, కారిపోయినంత కూలెంట్ నింపాం.

మొదటి ట్యాంకుకు 14.6 వచ్చింది, రాశాను. పాత సెన్సార్ ఇప్పుడు ఫిజిక్స్ ల్యాబులో ఉంది. రెండో సంవత్సరం పిల్లలు దానికి గ్రాఫు గీస్తున్నారు.