అరకు సంతలో కాంటా ఎవరిది?

అరకు మెయిన్ రోడ్డు వారంలో ఆరు రోజులు టూరిస్టులది. లాడ్జీలు, బొంగులో చికెన్ బండ్లు, కాఫీపొడీ చాక్లెట్లూ అమ్మే కొట్లు, గిరిజన మ్యూజియం ముందు వరసగా ఆగిన ఇన్నోవాలు. ఏడో రోజు సంత. ఆ రోజు పొద్దున్నే కొండల మీంచి జనం దిగుతారు. బగతలు, కొండదొరలు, కోటియాలు, పోర్జాలు, గదబలు, కోదులు, వాల్మీకులు. తెలుగు, ఆదివాసీ ఒడియా, కువి ఒకదాన్నొకటి తోసుకుంటూ వినిపిస్తాయి. ఎండుచేపలు, కుండలు, పసుపు, రాజ్‌మా, అడ్డాకులు, కొండచీపుర్లు, ప్లాస్టిక్ బకెట్లు, మొబైల్ కవర్లు. సుంకరమెట్ట, హుకుంపేట, పాడేరు, ముంచంగిపుట్టు... ఒక్కో ఊరి సంత ఒక్కో రోజు. వ్యాపారులు మాత్రం చాలావరకు వాళ్ళే, వ్యాన్లేసుకుని తిరుగుతుంటారు.

ఈ వీధి బాగుపడిందా లేదా అన్నది కొన్నాళ్ళుగా నన్ను పట్టుకున్న ప్రశ్న. అరకు పేరు బాగుపడిన మాట నిజమే. 2017లో పారిస్‌లో అరకు కాఫీ దుకాణం తెరిచారు. 2018లో అక్కడే ప్రి ఎపిక్యూర్ బంగారు పతకం. 2019లో భౌగోళిక గుర్తింపు. 2021లో నేనుండే బెంగళూరులో, ఇందిరానగర్‌లో ఆ పేరుతోనే ఒక కేఫ్. 2025 మార్చిలో పార్లమెంటు ఆవరణలో స్టాళ్ళు. ఈ వార్తలు వచ్చినప్పుడల్లా మా ఆఫీసు తెలుగు గ్రూపులో ‘మన అరకు’ అంటూ ఫార్వర్డుల జాతర. బాగానే ఉంది. పారిస్ వీధిలో అరకుకి చోటు దొరికింది. అరకు వీధిలో అరకువాళ్ళకి?

కిందటి డిసెంబరులో సంత రోజున ఆరింటికే లేచి, ఊరి చివర కల్వర్టు దగ్గర నిలబడ్డాను. మంచు ఇంకా విడలేదు. నాకంటే ముందే ఇద్దరు వ్యాపారులు అక్కడున్నారు, చేతిలో కొక్కెం కాంటా, పక్కన టూవీలర్. సంతకి చేరకముందే దారి కాసి సరుకు దింపించుకోవడం ఈ కొండల్లో పాత పద్ధతి. కాఫీ గింజల మూట నెత్తిన పెట్టుకుని ఒకావిడ వస్తోంది. పప్పు అంటారు అక్కడ, పండు తోలు తీసి ఎండబెట్టిన గింజని. ఇద్దరిలో పెద్దాయన అడ్డంగా వచ్చి ఒక రేటు చెప్పాడు. ‘సంతలోకెల్తే ఇది కూడా రాదమ్మా, దింపు’ అన్నాడు. ఆవిడ ఆగలేదు. నడుస్తూనే, ‘జీసీసీ రేటు నాకు తెల్దా ఏటి?’ అంది. ఆయన వెనకాలే రెండడుగులేసి రేటు పెంచాడు. మళ్ళీ పెంచాడు. నాలుగోసారికి ఆవిడ మూట దింపింది.

గమనించాల్సింది ఏమిటంటే, ఆవిడ జీసీసీకి అమ్మలేదు. చివరికి వ్యాపారికే అమ్మింది. కానీ జీసీసీ అనేది ఒకటుంది కాబట్టి, సీజన్ మొదట్లోనే అది రేటు ప్రకటిస్తుంది కాబట్టి, ఆ రేటు ఆవిడకి తెలుసు కాబట్టి బేరం అక్కణ్ణుంచి మొదలైంది. మా వృత్తి భాషలో దీన్ని ఫాల్‌బ్యాక్ అంటాం. ఎప్పుడూ వాడకపోయినా ఉండి తీరాల్సిన దారి.

గిరిజన సహకార సంస్థ, అదే జీసీసీ, 1956లో పుట్టింది. అప్పటి సమస్య కాఫీ కాదు, ఉప్పు. ఉప్పూ కిరసనాయిలూ బట్టా కొండెక్కించే షావుకారే చింతపండూ కరక్కాయా తేనె దించుకుపోయేవాడు. కొనేవాడూ అమ్మేవాడూ అప్పిచ్చేవాడూ ఒక్కడే అయినప్పుడు కాంటా ఎటు మొగ్గుతుందో చెప్పక్కర్లేదు. ఇది తెలియాలంటే అరకుకి అవతలే ఉన్న కోరాపుట్ కొండల మీద గోపీనాథ్ మహంతి 1945లో రాసిన ఒడియా నవల ‘పరజా’ చదవాలి. అందులో సుక్రుజాని, అతని కొడుకులు అప్పుకి గోతీలుగా, అంటే వెట్టివాళ్ళుగా మారిపోతారు. ఆ కథ షావుకారు మీద గొడ్డలి దెబ్బతో ముగుస్తుంది. పరజాలంటే మన పోర్జాలే. రాష్ట్రాల సరిహద్దు మ్యాపులో ఉంది గానీ సంతలో లేదు.

జీసీసీ గొప్ప సంస్థ అని నేననను. డబ్బు చేతికి రావడం ఆలస్యమవుతుందన్న ఫిర్యాదు ఏ డిపో ముందు నిలబడినా వినిపిస్తుంది, వ్యాపారి మాత్రం అక్కడికక్కడే నోట్లు లెక్కపెడతాడు. పక్కనే ఇంకో ప్రయోగం జరిగింది. 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద చిన్న, సన్నకారు గిరిజన రైతులు సంఘం పెట్టుకున్నారు, నాంది ఫౌండేషన్ తోడు నిలిచింది. పారిస్ దుకాణం వెనకున్నది ఈ పొత్తే. వీళ్ళు పట్టుకున్న కిటుకు చాలా చిన్నది: ఎర్రగా పండిన పండే కోయాలి, కోసిన పండుని ఇంట్లో కుళ్ళనివ్వకుండా వెంటనే పల్పింగుకి తేవాలి. సుమారు ఆరు కిలోల పండుకి ఒక కిలో గింజ వస్తుంది. పచ్చికాయ కలిస్తే ఆ కిలో అంతా చెడుతుంది. ‘అంతా కలిపి దూసెయ్’ అనే షావుకారి కాంటాకి ఎరుపూ పచ్చా ఒకటే. ఎర్రపండుకి వేరే ధర కట్టే కాంటా వచ్చాకే కోసే చేతికి ఓపిక వచ్చింది.

ఇక వీధి సంగతి. మా బెంగళూరులో వీధి బాగుపడటమంటే ఏమిటో నేను కళ్ళారా చూశాను. నేను మొదట అద్దెకున్న వీధిలో ఒక టైలరు, ఒక పిండిమర, ఒక సైకిల్ షాపు ఉండేవి. చెట్ల కింద బెంచీలు వేశారు, ఫుట్‌పాత్ వేశారు, గోడలకి బొమ్మలు వేశారు. మూడేళ్ళలో ఆ మూడూ పోయాయి, అద్దె కట్టలేక. న్యూయార్క్ హార్లెమ్‌లో 2008లో 125వ వీధి జోనింగ్ మార్చినప్పుడు చిన్న దుకాణదారులు వీధికెక్కింది ఈ భయంతోనే. వీధి బాగుపడుతుంది, వీధివాళ్ళు మాత్రం మారిపోతారు.

అరకులో ఇది పూర్తిగా జరగకపోవడానికి కారణం 1/70. 1959 నాటి భూబదలాయింపు నిబంధనలకి 1970లో తెచ్చిన సవరణ. ఏజెన్సీలో భూమి గిరిజనేతరుడి చేతికి మారితే ఆ బదలాయింపు చెల్లదు. 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు ఇంకో అడుగు వేసి, ఆ భూముల్ని ప్రభుత్వమైనా సరే ప్రైవేటు గనులకి లీజుకివ్వడం చెల్లదంది. ఆ కేసు మొదలైంది ఎక్కడో కాదు, అరకు దారిలో మనందరం ఫొటోలు దిగే బొర్రా పరిసరాల్లో. చట్టానికి చిల్లులున్నాయి, బినామీలున్నారు. అరకులో ఏ హోటల్ అసలు ఎవరిదో బోర్డు చూసి చెప్పలేం. అయినా ఆ మాత్రం కట్ట లేకపోతే ఈపాటికి లోయంతా రిసార్టు గోడలే ఉండేవి.

2025 జనవరి ఆఖర్న అరకులో చలి ఉత్సవం మొదలైంది, మూడు రోజులు. పారాగ్లైడింగ్, హాట్ ఎయిర్ బెలూన్లు, థింసా. ఆ రోజుల్లోనే, పర్యాటక పెట్టుబడుల సదస్సులో శాసనసభాపతి 1/70ని సవరించాలన్న అర్థం వచ్చేలా మాట్లాడారన్న వార్త కొండెక్కింది. ఫిబ్రవరి 11, 12 తేదీల్లో 48 గంటల మన్యం బంద్. బెలూన్లెగిరిన వీధిలో షట్టర్లు దించేశారు. చట్టం మార్చే ఆలోచన లేదని ముఖ్యమంత్రి ప్రకటించాల్సి వచ్చింది. సంత మీద బతికేవాళ్ళకి రెండు రోజుల వ్యాపారం చిన్న నష్టం కాదు. ఆ వీధి ఎవరిదో చెప్పడానికి వీధినే మూసుకున్నారు. నాకు ఉత్సవం కంటే ఆ రెండు రోజులే ఎక్కువ గుర్తుంటాయి.

అలాగని 1/70తో అంతా అయిపోయిందనడం బయటవాళ్ళ అమాయకత్వం. రోడ్డు పక్క కాఫీ బండి పెట్టుకున్న ఒక కుర్రాడు, డిగ్రీ చదివాడు, నాకు కాఫీ కలుపుతూనే ఇలా అన్నాడు: ‘చట్టం మా భూమిని కాపాడింది అన్నా. బ్యాంకు మాత్రం ఆ భూమి కేసి చూడదు.’ నిజమే. కుదువ పెట్టిన భూమిని వేలం వేస్తే కొనేవాడు కూడా గిరిజనుడే అవ్వాలి, అందుకని బ్యాంకులు వెనకాడతాయి. బండి నుంచి కొట్టుకి ఎదగాలంటే అతనికి దారి లేదు, కొట్టున్నవాడు మాత్రం ఎవరి పేరు మీదో నడిపిస్తాడు. ఇక్కడ కూడా నాకు తోచేది సంఘమే. కాఫీకి కాంటా పెట్టగలిగిన సహకార సంఘం వీధిలో నాలుగు గదులు కట్టి తన సభ్యులకే అద్దెకివ్వలేదా? పారిస్‌లో దుకాణం తెరవడం కంటే కష్టమైన పనేం కాదనుకుంటాను.

తొందర కూడా ఉంది. 2025లో అరకు తోటల్లో కాయతొలుచు పురుగు కనబడింది. ఒక్క పంట మీద ఆనిన వీధికి అదొక హెచ్చరిక. రాజమహేంద్రవరం నుంచి పాడేరు, అరకు మీదుగా విజయనగరం వెళ్ళే 516ఇ జాతీయ రహదారి వెడల్పవుతోంది. రోడ్డు పెరిగితే కొట్లవాళ్ళ చేతిలో కరెంటు బిల్లు అయినా ఉంటుంది. వారానికోసారి నేల మీద గోనె పరుచుకుని కూర్చునే ఆడవాళ్ళ దగ్గర ఏ కాగితం ఉంది?

ఆ కుర్రాడూ అతని స్నేహితులూ ఆ కాగితం తయారుచేసే పనిలో ఉన్నారు. సంతలో ఎవరెవరు ఎక్కడెక్కడ కూర్చుంటారో నోట్‌బుక్కులో గీసుకున్నారు: పసుపు వరస, కుండల వరస, ఎండుచేపల వరస. ముందు గ్రామసభలో పెడతారట. ఫోన్లో షీటు చేసిపెట్టమంటే కూర్చున్నాను. చోటు, సరుకు, పేరు, ఊరు, ఎన్నేళ్ళుగా. మధ్యాహ్నానికి అరవై వరసలు నిండాయి. ఎండుమిరపకాయలు అమ్మే ఒక ముసలమ్మ పేరు చెప్పనంది. ‘పేరెందుకు బాబూ, చింతచెట్టు కింద అని రాయి. అందరికీ తెలుసు.’ చోటు అన్న గడిలో అదే రాశాను. పేరు గడి ఖాళీగా ఉంచొద్దని కుర్రాడు ఆవిడకి ఆదివాసీ ఒడియాలో నచ్చజెప్పడం మొదలుపెట్టాడు.