వెనక చక్రం నట్టు

కార్తీక పౌర్ణమికి మంగినపూడిలో సముద్రస్నానాలకు వచ్చిన మోటారుసైకిళ్లు వరసగా నిలబడితే, నా చూపు వాటి వెనక చక్రం నట్టు మీదికే పోతుంది. ఉప్పుగాలికి అది తుప్పు పడుతుంది. స్పానర్‌కి పైపు తొడిగి బలంకొద్దీ లాగితేనే బిగువని మనవాళ్ల నమ్మకం. నిజానికి నట్టు బిగిసేకొద్దీ ఇరుసు రవ్వంత సాగుతుంది; ఆ సాగుడే పట్టు. అతిగా లాగితే మరలు చెడతాయి. మరలకు నూనె పూస్తే, అదే బలానికి ఇరుసు ఇంకా సాగుతుంది (ఇది చెబితే మెకానిక్కులు నవ్వుతారు!). నట్టు బిగించే ముందు చైను వదులు చూసి, ఇరుసుకు రెండువైపులా ఉన్న గుర్తు గీతలు సమానంగా ఉండేలా సరిచేసి, బండితో ఇచ్చిన పుస్తకంలోని బిగింపు అంకెకు టార్క్ రెంచితో (బిగింపు బలాన్ని కొలిచే స్పానర్) బిగించాలి. తర్వాత చైను మళ్లీ చూడాలి. మీ బండికి నట్టు ఊడకుండా ఆపే స్ప్లిట్ పిన్ ఉంటే కొత్తదే వేయించండి. పాతది వంచి పెట్టనివ్వకండి.