అనంతగిరి ప్రయాణ సన్నాహము

మేము విశాఖపట్టణమున కాపురము పెట్టి 12 సంవత్సరములైనది. ఇన్నాళ్లలో నేను చేసిన ప్రయాణములన్నియు నేదో యొక కార్యమునకై చేసినవే: పెండ్లి, పురుడు, కర్మ, మ్రొక్కు. ఏ పనియు లేక, కేవలము చూచుటకై యిల్లు వెడలిన దినము జ్ఞప్తికి రాదు. అందువలన కార్తికమాసారంభమున మావారు, "రెండవ శనివారము బడికి సెలవు గదా, అరకులోయకు బోయి ఆదివారము రాత్రికి మరలి వత్తము" అనగా, గరిట చేతనుండగనే నిలిచిపోతిని.

చిన్ననాడు మా నాయనగారు నాకు మనుచరిత్రము చెప్పిరి. పాదలేపము పూసికొని హిమాలయమునకు బోయి, మంచునకది కరగిపోగా నిల్లు చేరు దారిలేక చిక్కుకొనిన ప్రవరుని కథ సోదరీమణు లెఱుగనిది కాదు. అతడు తిరుగు ప్రయాణమును గూర్చి ముందుగా నాలోచింపలేదు. గృహిణి యెవతెయు నట్లు బయలుదేరదు.

మావారు మాత్రము ప్రవరుని పక్షమువారే. తాటిపూడి జలాశయము, బొఱ్ఱా గుహలు, కటికి జలపాతము, గాలికొండ, కాఫీతోటలు, పద్మాపురపు తోట, గిరిజన మ్యూజియము, చాపరాయి అని యెనిమిది స్థలములు కాగితముపై వ్రాసి, బడిలోని కాలపట్టికవలె నొక్కొకదానికి గంట చొప్పున గేటాయించిరి. లెక్కలు బోధించువారికి లెక్క చెప్పుట సాహసమే. అయినను, అరకు మాకు ఇంచుమించు 115 కిలోమీటర్లనియు, శృంగవరపుకోట దాటినది మొదలు దారి మెలికలు దిరుగుచు గొండ యెక్కుననియు, పోవుటకే మూడుగంటలకు పైబడుననియు మనవి చేసితిని.

ఆ కాగితమున మఱియొకటి లేదు. అత్తగారి పేరు లేదు. ఆమెకు మోకాళ్ల నొప్పులు. "నాకెందుకమ్మా కొండలు? ఇల్లు గనిపెట్టుకొని యుందును" అని ఆమెయే యనిరి, మేమును సరే యనుకొంటిమి. ఆ రాత్రి వంటయింటిలో చిక్కుడుకాయలు వలచుచు నామె మెల్లగా, "అమ్మాయీ, అక్కడ నిప్పుడు వలిసెపూలు పూచియుండును గదా?" అని యడిగిరి.

ఆమె పుట్టినిల్లు శృంగవరపుకోట చెంతనే. సంతనాడు కొండవారు పసుపు, తేనె, అడ్డాకులు దెచ్చి యమ్ముచుండగా జూచెడివారట. పైన పొలములన్నియు పచ్చని పూలతో నిండియుండునని వారు చెప్పగా విని, తానును బోయెదనని యేడ్చినచో, మన్యపు జ్వరము వచ్చునని పెద్దలు బెదరించిరట. పెండ్లియై పట్టణమునకు వచ్చిరి. 60 ఏండ్లకు పైగా నా కొండలను దిగువనుండి చూచుటయే గాని యెక్కినది లేదు. నాకు గొంతు పెగలలేదు. చిక్కుడుకాయలు వలచుచుంటిని.

మఱునాడు మావారితో జెప్పితిని. ఆయన వెంటనే సమ్మతించిరి. తల్లియెడ నాయనకు భక్తి తక్కువ కాదు. కాని, "బొఱ్ఱాలో మెట్లు మెండు, మేము లోనికి బోయి వచ్చువఱకు నీవు అమ్మతో వెలుపల గూర్చుండుము" అనిరి. ఇది నాకు గ్రుచ్చుకొనినది. ఆ యెనిమిదింటిలో నేను నిజముగా గోరినది బొఱ్ఱా యొక్కటియే. ఆ కొండలలో బుట్టిన గోస్తనీనది సున్నపురాతిని యుగములుగా గరగించి ఆ గుహలను దొలిచినది; దిగువకు వచ్చి తాటిపూడి జలాశయమున నిండి, భీమునిపట్టణముకడ సముద్రమును జేరుచున్నది. తాటిపూడి నీరు మా పట్టణమునకును వచ్చును. నా కుళాయిలోని నీరు పుట్టినచోటు జూడవలెనని కోరుట తప్పగునా?

"మొదట పిల్లలతో నేను బోదును, మీరు అత్తగారికడ గూర్చుండుడు. నేను వచ్చిన పిదప మీరు పోవచ్చును" అంటిని. ఇట్టి మాట నానోట వచ్చుట యిదే మొదలు. ఆయన క్షణకాలము నావంక జూచి, పెన్సిలు దీసికొని, బొఱ్ఱాయు గాలికొండయు నుంచి తక్కిన యాఱింటిని గొట్టివేసిరి. క్రింద "వలిసెపొలము, ఎంతసేపైనను" అని వ్రాసిరి.

తరువాతి పనులు తేలికయైనవి. కొండదారి యలవాటున్న డ్రైవరుతో నద్దెకారు, మెట్లులేని క్రిందిగది, తెల్లవారుజామున చలికి శాలువలు, మెలికలలో పిల్లలకు వికారము గలుగకుండ నిమ్మకాయలు, అల్లపుముక్కలు. కొండపై చాలచోట్ల ఫోను పలుకదు గనుక బంధువులకు ముందే చెప్పియుంచితిని. ఆదివారము చీకటి పడకమునుపే ఘాటు దిగవలెనని డ్రైవరుతో గట్టిగా జెప్పితిని. యాభైకి పైగా సొరంగములు దాటించు రైలు మఱింత సొగసట. కాని యత్తగారు కోరినచోట రైలాగదు గదా.

ఇప్పుడు శుక్రవారము రాత్రి తొమ్మిదిగంటలు. పులిహోరకు చింతపండు నానవైచితిని. అత్తగారి సంచి బుధవారమునుండియే తలుపు ప్రక్కన నున్నది. ఇంతలో మరల వచ్చి, "నాలుగింటికి లేపెదవు గదా, అమ్మాయీ?" అని యడిగి పోయిరి. ఇది మూడవసారి.