మా కొలత మేమే తీసుకుంటాం

రక్షణ అనే మాట మాకు కొత్త కాదు. పుట్టినప్పటి నుంచి ఎవరో ఒకరు మాకు రక్షణ ఇస్తూనే ఉన్నారు. ఎన్నికలప్పుడు పార్టీలు ఇస్తాయి. నిమజ్జనం నాడు మా మసీదు ముందర పోలీసులు ఇస్తారు. మా ఆడపిల్లలకు మా మగవాళ్లు ఇస్తారు. ఆ మగవాళ్ల నుంచి మా ఆడపిల్లలను మేం కాపాడతామని బయటివాళ్లు బయల్దేరతారు. ఇన్ని రక్షణల్లో ఒక్కటీ మా కొలత తీసుకుని కుట్టింది కాదు. ఎవరి దగ్గర ఏది ఉంటే అది తెచ్చి మా నెత్తిన బోర్లించడమే. అందుకే మా ఇంటి పిల్ల బాక్సింగు నేర్చుకుంటాను, తొడుగులు కొనివ్వండి అన్నప్పుడు మేం కాసేపు ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. రక్షణను అంగడికి పోయి, వేలితో నొక్కి చూసి, బాగలేకపోతే వద్దని చెప్పి ఎంచుకోవచ్చన్న సంగతే మాకు కొత్త.

మేం దూదేకులవాళ్లం. లద్దాఫ్ అన్నా పింజారి అన్నా నూర్‌బాషా అన్నా మేమే. సర్కారు పట్టీలో బి.సి.-బి. ఇంట్లో తెలుగే మాట్లాడతాం. మా పిల్లలు అమ్మీ అనరు, అమ్మా అంటారు. ఉర్దూ మాట్లాడే సాయిబులకు మేం సగం ముస్లింలం. అద్దె ఇల్లు అడిగితే మాత్రం పూర్తి ముస్లింలం. మా జేజినాయన విల్లు భుజాన వేసుకుని రాయలసీమ పల్లెలన్నీ తిరిగి దూది ఏకినవాడు. పరుపులు, దిండ్లు, బొంతలు కుట్టి మమ్మల్ని సాకినవాడు. ఫోం పరుపులు వచ్చాక విల్లు అటకెక్కింది. కానీ ఏది మెత్తన, ఏది మెత్తగా కనబడి మోసం చేస్తుంది అన్న తెలివి వేళ్లలోంచి పోలేదు. అది ఇట్లా పనికొస్తుందని మాలో ఎవరూ అనుకోలేదు.

పిల్లకు 12 ఏళ్లు. కోరిక ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పనక్కర్లేదు. నిజామాబాదు అమ్మాయి నిఖత్ జరీన్ 2011లో తుర్కీలోని అంటాల్యాలో జూనియర్ ప్రపంచ విజేత. 2022 మేలో ఇస్తాంబుల్‌లో, 2023 మార్చిలో ఢిల్లీలో పెద్దవాళ్ల ప్రపంచ విజేత. గెలిచిన రోజున అందరూ మన బిడ్డ అన్నారు. ఆ 'మన'లో మేం కూడా ఒక పూట ఉన్నాం. అంతకు ముందు, ఆడపిల్ల నిక్కరు వేసుకుని ఆడే ఆటేంటని చుట్టాలూ స్నేహితులూ అన్నారని ఆమె తండ్రే చెప్పాడు. ఆయన వినలేదు. వినకపోవడం కూడా ఒక రక్షణే. అది ఏ అంగట్లోనూ దొరకదు.

మా దగ్గరా గొణుగుడు మొదలైంది. మావాళ్లు "మొహం మీద దెబ్బ తగిలితే రేపు పెళ్లెట్లా?" అన్నారు. పక్కింటివాళ్లు "మీలో పంపిస్తారా?" అని ఆశ్చర్యపోయారు. ఒకరిది మందలింపు, ఒకరిది మెచ్చుకోలు. రెండింట్లోనూ పిల్ల ఏమనుకుంటుందో అడిగింది లేదు.

అంగట్లో మాకు మొదటి రోజే అన్నీ చూపించారు. అన్నీ కొనాల్సిన పని లేదు. కొత్తగా చేరినవాళ్లు మొదట కొన్నాళ్లు కాళ్లు కదపడం, గాలిలో కొట్టడం, సంచిని కొట్టడం నేర్చుకుంటారు. దానికి చేతిపట్టీలు, గ్లౌజులు చాలు. ఎదురుగా మనిషిని పెట్టి ఆడించే రోజుకు పళ్ల తొడుగు తప్పనిసరి. తల తొడుగు కూడా అప్పుడే. ఈ వరస తెలియకపోతే మొదట పెద్దగా, మెరుస్తూ కనబడే తల తొడుగు మీదకే చేయి పోతుంది. అసలు ముందు దెబ్బ తినేది తల కాదు, మణికట్టు.

చేతిపట్టీ చూడడానికి ఏమీ కాదు. పొడుగాటి నూలు పట్టీ, ఒక కొసన బొటనవేలికి ఉచ్చు, ఇంకో కొసన వెల్‌క్రో. పెద్దవాళ్లది దాదాపు నాలుగున్నర మీటర్లు ఉంటుంది. చిన్న చేతులకు మూడు మీటర్లు సరిపోతుంది. ముందు మణికట్టుకు, తర్వాత పిడికిలి కణుపుల మీద, వేళ్ల సందుల్లోంచి చుట్టాలి. చేతిలో ఉన్న చిన్నచిన్న ఎముకలన్నింటినీ ఒక్క మూటగా కట్టడమే దాని పని. బిగువు ఎక్కువైతే వేళ్ల కొసలు తిమ్మిరెక్కుతాయి, రంగు మారతాయి. అప్పుడు విప్పి మళ్లీ చుట్టాలి. మా అమ్మ దాన్ని చేతిలోకి తీసుకుని లాగి చూసి, "ఇది పసిబిడ్డకు చుట్టే నడికట్టు మాదిరే ఉందే" అంది. ఎవరి పట్టీ వాళ్లదే. చెమట పట్టీని ఉతక్కుండా మళ్లీ కట్టుకుంటే చర్మం పాడవుతుంది.

గ్లౌజు బరువును ఔన్సుల్లో చెబుతారు. ఒక ఔన్సు 28 గ్రాముల పైచిలుకు. చిన్నపిల్లలకు 6, 8 ఔన్సులవి ఉంటాయి. పెద్దవాళ్లు సంచిని కొట్టడానికి 10, 12 వాడతారు. మనిషితో ఆడేటప్పుడు 14, 16 తొడుగుతారు. ఇక్కడ మేం ఒక మంచి సంగతి తెలుసుకున్నాం. ఎదుటి మనిషి ఉన్నప్పుడు బరువైన గ్లౌజు తొడిగేది మన చేతి కోసం మాత్రమే కాదు, అవతలివాళ్ల మొహం కోసం కూడా. దూది ఎక్కువ ఉంటే ఇద్దరికీ దెబ్బ తగ్గుతుంది. పోట్లాట అని మనం చిన్నచూపు చూసే ఆటలో ఎదుటివాళ్లను కాపాడడం కూడా నియమమే. మా ఊరి రాజకీయాల్లో ఈ నియమం మేం చూడలేదు.

గ్లౌజును ఉత్త చేతికి తొడిగి చూడకూడదు. పట్టీ చుట్టుకుని తొడగాలి. పిడికిలి పూర్తిగా మూసుకోవాలి, లోపల చేయి జారకూడదు, బొటనవేలు వంకర పోకూడదు. పిల్ల ఎదుగుతుంది కదా అని రెండేళ్లకు సరిపోయేంత వదులుగా కొనడం మా పేదిళ్ల అలవాటు. గౌనుకు అది చెల్లుతుంది, గ్లౌజుకు చెల్లదు. వదులు గ్లౌజులో మణికట్టు మడత పడుతుంది.

దుకాణంలో తాళ్లతో బిగించేవి చూపించి ఇవే అసలైనవన్నారు. నిజమే, తాళ్లవి చేతికి బాగా పట్టుకుంటాయి. కానీ తాళ్లు కట్టడానికి ఇంకో మనిషి కావాలి. విప్పడానికీ కావాలి. వెల్‌క్రోది అయితే తనే తొడుక్కుంటుంది, తనే పంటితో లాగి విప్పుకుంటుంది. మేం వెల్‌క్రోవి కొన్నాం. అన్ని రక్షణలకూ ఈ పరీక్ష పెట్టవచ్చునని మాకప్పుడే తట్టింది. తను వేసుకోగలదా? వద్దనుకున్నప్పుడు తనే విప్పుకోగలదా?

ఈ పరీక్షను తలగుడ్డకూ పెట్టి చూడండి. 2016లో అమెరికాలో అమయా జఫర్ అనే 16 ఏళ్ల అమ్మాయి ఫ్లోరిడా పోటీకి హిజాబుతో, చేతులూ కాళ్లూ కప్పుకుని వచ్చింది. బరిలోకి దిగనివ్వలేదు. గుడ్డ కింద గాయం కనబడదని, భద్రత కోసమే ఈ నియమమని చెప్పారు. 2017లో అక్కడి బాక్సింగు సంఘం మినహాయింపు ఇచ్చింది. 2019లో అంతర్జాతీయ సంఘం కూడా హిజాబును ఒప్పుకుంది. అదే 2019 ఏప్రిల్‌లో ఇరాన్ అమ్మాయి సదఫ్ ఖాదెమ్ ఫ్రాన్సులో నిక్కరుతో, తల కప్పుకోకుండా ఆడి గెలిచింది. ఇంటికి పోతే అరెస్టు చేస్తారన్న భయంతో తిరిగి వెళ్లలేదు. ఒక అమ్మాయిని కప్పుకుందని ఆపారు, ఇంకో అమ్మాయిని కప్పుకోలేదని భయపెట్టారు. మమ్మల్ని మీరు ఎటువైపు అని అడగకండి. మేం ఆ ఇద్దరమ్మాయిల వైపు.

మా పిల్ల బరిలో తలకు గుడ్డ కట్టుకుంటానంది. మా ఇంట్లో వయసొచ్చిన ఆడవాళ్లంతా పైట కొంగే కప్పుకుంటారు. దీనికి హిజాబు ఎక్కడిదని కొందరం గునిశాం. తర్వాత ఊరుకున్నాం. ఆమె తల, ఆమె గుడ్డ. అయితే కట్టే తీరు మాత్రం చెప్పాం. పిన్నీసులు పెట్టకూడదు, దెబ్బ తగిలితే గుచ్చుకుంటాయి. కొసలు వేలాడకూడదు. పలచటి సాగే గుడ్డ అయ్యి తలకు అంటుకుని ఉండాలి. దాని మీద తల తొడుగు పెట్టి, బిగించి, తల అటూ ఇటూ విసిరి చూడాలి. గుడ్డ మీద తొడుగు జారి కంటికి అడ్డం వస్తే రెండూ పనికిరావు.

తల తొడుగు దగ్గర మా అమ్మ బొటనవేలు పని చేసింది. ఒక పాతదాన్ని తక్కువకే ఇస్తామన్నారు. అమ్మ నుదుటి దగ్గర గట్టిగా నొక్కి వదిలింది. పడిన గుంట అట్లాగే ఉండిపోయింది. "ఇది చచ్చిన దూది. మన దూదైతే మళ్లీ ఏకి బతికిస్తాం. దీన్ని ఎవరు ఏకుతారు?" అంది. లోపలి ఫోం ముద్దకట్టిపోతే బయటి తోలు ఎంత కొత్తగా ఉన్నా అది తొడుగు కాదు. నొక్కి వదిలితే వెంటనే పైకి లేవాలి. పాతవి కొనే పేదవాళ్లందరికీ ఈ పరీక్ష చాలు.

కొత్తవాటిలో చెంపలు కూడా కప్పేవి ఉన్నాయి. ఎక్కువ కప్పితే ఎక్కువ భద్రం అనిపిస్తుంది. కానీ లావుపాటి చెంపలు పక్క చూపును మింగేస్తాయి. పక్క నుంచి వచ్చే దెబ్బ కనబడకపోతే తప్పుకునేదెట్లా? తల తొడుగు చర్మం చిట్లకుండా, వాపులు రాకుండా కాపాడుతుంది. పుర్రె లోపల మెదడు కదలడాన్ని ఆపలేదు. 1984 ఒలింపిక్స్ నుంచి మగవాళ్లకు తప్పనిసరి చేసిన ఈ తొడుగును 2013లో పెద్ద పోటీల్లో వాళ్లకు తీసేశారు. 2016 రియోలో మగవాళ్లు అది లేకుండానే ఆడారు, ఆడవాళ్లకు ఉంచేశారు. నేర్చుకునే పిల్లలకు మాత్రం తొడుగు ఉండాల్సిందే. అది ఉంది కదా అని తల ముందుకు పెట్టడమే ప్రమాదం. దెబ్బ తగిలాక తల తిరిగినా, వాంతి వచ్చినట్టున్నా, చూపు మసకబారినా, మాట తడబడినా ఆ రోజుకు ఆట ఆపి డాక్టరు దగ్గరకు తీసుకుపోవాలి. ఆట ఆపే శిక్షకుడిని మించిన తల తొడుగు లేదు.

పళ్ల తొడుగును వేడినీళ్లలో మెత్తబరిచి, నోట్లో పెట్టుకుని కొరికి అచ్చు తీసుకుంటారు. నోరు తెరిచినా కింద పడకూడదు, ఊపిరి ఆడాలి. పిల్లల పళ్లు మారేకొద్దీ కొత్తది తీసుకోవాలి. ఇంకొకరి అచ్చు మన నోటికి పట్టదు. ఇన్నాళ్లూ మా తరఫున మాట్లాడతామన్న పెద్దలకు ఇదొక్కటి చూపించాలనిపించింది.

గ్లౌజు మీద జలంధర్ అని రాసి ఉంది. జలంధర్‌లో, మీరట్‌లో ఈ ఆటసామాన్ల పని వేళ్లూనుకోవడానికి 1947లో సియాల్‌కోట్ వదిలి వచ్చిన పనివాళ్లు, వ్యాపారులు ఒక కారణం. సియాల్‌కోట్‌లో మిగిలినవాళ్లు ఇప్పటికీ అదే పని చేస్తున్నారు. గీత గీసినవాళ్లు దేశాన్ని రెండు చేశారు గానీ, తోలుకు సూది దించే పద్ధతిని రెండు చేయలేకపోయారు. మమ్మల్ని పాకిస్తాన్ పొమ్మనేవాళ్లు తమ పిల్లలకు కొనే గ్లౌజులో కూడా ఆ ఊరి చేతివాటం ఉంది.

చివరికి ఒక మాట చెప్పాలి. పిల్లతో పాటు మా అక్క కొడుకును కూడా చేర్చాం. మగపిల్లలకు గజ్జల తొడుగు ఒకటి అదనం. అదీ కొన్నాం. ఒక సాయంత్రం ఒక బస్టాండులో బందోబస్తువాళ్లు వాడిని ఆపి పేరు అడిగారు. పేరు విన్నాక సంచి విప్పించారు. గ్లౌజులు, పట్టీలు, పళ్ల తొడుగు బయటపడ్డాయి. "ట్రైనింగా? ఎవరిస్తున్నారు?" అన్నారు. కొందరి చేతిలో కర్ర ఉంటే వ్యాయామం. మా వాడి సంచిలో దూది తొడుగు ఉంటే ట్రైనింగు. 2007లో మక్కా మసీదులో పేలుడు జరిగినప్పుడు చనిపోయిందీ మావాళ్లే, ఆ తర్వాత పట్టుకుపోయి చాలాకాలానికి నిర్దోషులని వదిలిందీ మావాళ్లనే. అది తెలిసిన తల్లి కొడుకును ఇక చాలు, మానెయ్యి అంటే ఏమనగలం?

వాడు మానలేదు. ఇద్దరూ పోతున్నారు. పిల్ల తన పట్టీలు తనే ఉతుక్కుని దండెం మీద ఆరేస్తోంది. మణికట్టుకు, పళ్లకు, తలకు, గజ్జలకు తొడుగులు మేం చూసి, నొక్కి, బేరమాడి కొనిచ్చాం. పేరుకు తొడుగు మాత్రం మా చేతుల్లో లేదు. ఇది చదువుతున్న హిందూ మిత్రులు, మతం లేదనే మిత్రులు మా పిల్లకు కొత్త గ్లౌజులు కొనివ్వక్కర్లేదు. ఆ బస్టాండులో మావాడి సంచి విప్పిస్తున్నప్పుడు పక్కన నిలబడి, మా సంచి కూడా చూడండి అంటే చాలు.