ఇత్తడి ఎద్దూ, పసివాడి నోరూ

కొందరికి నగల పిచ్చి, కొందరికి చీరల పిచ్చి. నాకు మాత్రం సేద్యపు బొమ్మల పిచ్చి. ఎద్దులు, నాగలి, బండి ఎక్కడ కనిపించినా కాళ్ళు ఆగిపోతాయి. పిల్లల డాక్టరునయ్యుండి ఈ చాదస్తమేమిటని ఇంట్లోవాళ్ళు నవ్వుతూనే ఉంటారు.

విదేశాల్లో ఇలాంటివాళ్ళు బొమ్మరైళ్ళ ప్రదర్శనలకు వెళ్ళి, అక్కడ లోహపు ట్రాక్టర్లూ ఆవులూ వెతుక్కుంటారు. వింతేమీ కాదు. ఇంగ్లండులో హార్న్‌బీ రైళ్ళు చేసిన మెకానో కంపెనీయే 1930లలో, ఆ రైళ్ళ పక్కన పెట్టుకోవడానికి పశువుల బొమ్మలు పోతపోసి అమ్మింది. తర్వాత డింకీ టాయిస్‌గా పేరు పొందినవి అవే. ఆ తొలినాటి బొమ్మల్లో సీసం ఉండేది. ఈ మాట గుర్తుంచుకోండి.

మా జైనూరుకు అసలు రైలే రాదు, ఇక బొమ్మరైళ్ళ ప్రదర్శన ఎక్కడిది? మాకు జాతరలున్నాయి. పుష్య అమావాస్యకు కేస్లాపూర్‌లో జరిగే నాగోబా జాతరలో దేవుడి దర్శనం కాగానే నేను బొమ్మల అంగళ్ళ వైపు నడుస్తాను. అన్నిటికన్నా పెద్ద నిధి మా మండలంలోనే ఉంది. ఉషేగావ్‌లో వోజ్ కళాకారులు చేసే డోక్రా బొమ్మలు! మట్టి అచ్చు మీద మైనపు తీగలు చుట్టి, మళ్ళీ మట్టి పూసి కాలుస్తారు. మైనం కరిగిపోయిన సందులో కరిగిన ఇత్తడి పోస్తారు. చల్లారాక పై మట్టిని పగలగొడితేనే బొమ్మ బయటికి వస్తుంది. అందుకే ఏ రెండు బొమ్మలూ ఒకేలా ఉండవు. ఆదిలాబాద్ డోక్రాకు 2018లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

ఆమధ్య అలాంటి ఎద్దు ఒకటి కొని తెచ్చాను. మా చెల్లెలి మనవడికి ఏడాది నిండింది, పళ్ళు వస్తున్నాయి. ఎద్దు కొమ్ము తిన్నగా నోటికి పోయింది. వాళ్ళమ్మ గబుక్కున లాక్కుని, "పెద్దత్తా, గిది నోట్లె పెట్టుకుంటే ఏమన్నయితదా?" అని అడిగింది. మంచి ప్రశ్న. ప్రతి తల్లీ అడగవలసిన ప్రశ్న.

ఇత్తడి అంటే రాగి, జింకు. కానీ పాత ఇత్తడి సామాను కరిగించినప్పుడు అందులో సీసం కూడా ఉండవచ్చు. కంటితో చూసి చెప్పలేం. సీసం ఇంత ఉంటే ఫరవాలేదన్న హద్దు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పైగా పెద్దవాళ్ళకన్నా పసిపిల్లల ఒంటికి అది నాలుగైదు రెట్లు ఎక్కువగా పడుతుంది. మెదడు ఎదిగే వయసులో తెలివితేటలను దెబ్బతీస్తుంది. రక్తహీనత, కడుపునొప్పి, మలబద్ధకం, చికాకు కనిపించవచ్చు. చాలాసార్లు ఏమీ కనిపించకపోనూవచ్చు. అదే భయం.

"సర్కారు ముద్ర ఉంటుంది కదా?" అంటారు మీరు. 2021 జనవరి 1 నుంచి మన దేశంలో బొమ్మలకు ఐ.ఎస్.ఐ. గుర్తు తప్పనిసరి. అయితే నమోదైన చేతివృత్తులవారి బొమ్మలకూ, భౌగోళిక గుర్తింపు ఉన్నవాటికీ మినహాయింపు ఇచ్చారు. అది కళను బతికించడానికి ఇచ్చిన మినహాయింపే తప్ప, బొమ్మను పరీక్ష చేశామన్న హామీ కాదు.

కనుక ఇలా చేయండి. నోట్లో పెట్టుకునే వయసు దాటేదాకా ఇత్తడి బొమ్మను అలమారులో, పిల్లలకు అందని ఎత్తున ఉంచండి. వారి చేతికి ఐ.ఎస్.ఐ. గుర్తున్న బొమ్మ ఇవ్వండి. ఊడివచ్చే చిన్న ముక్కలున్నవి ఏవైనా మూడేళ్ళలోపు వద్దు, గొంతుకు అడ్డం పడతాయి. రంగు పెచ్చులూడే పాత బొమ్మలను పారేయండి. అన్నానికి ముందు పిల్లల చేతులు సబ్బుతో కడగండి. ఇనుము, కాల్షియం తక్కువైన పిల్లలకు సీసం మరింతగా పడుతుంది. ఆకుకూరలు, గుడ్డు, పాలు, రాగులు తినిపించండి.

పిల్లవాడు చాలా రోజులుగా అలాంటి బొమ్మను చీకుతుంటే డాక్టరుకు చూపించి, రక్తంలో సీసం పరీక్ష చేయించండి. డెసిలీటరుకు 5 మైక్రోగ్రాములు, ఆపైన ఉంటే అది ఎక్కడినుంచి వస్తోందో వెతికి తీసేయాలి. మొదటి వైద్యం అదే.

కొలిమి దగ్గర పనిచేసేవారికీ ఒక మాట. ఇత్తడి కరిగేటప్పుడు వచ్చే జింకు పొగ పీల్చితే కొన్ని గంటలకు చలి, జ్వరం, ఒళ్ళునొప్పులు రావచ్చు. సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో తగ్గుతాయి. ఆరుబయట, గాలివాటు చూసుకుని పోత పోయండి. పిల్లలనూ గర్భిణులనూ దూరంగా ఉంచండి.

ఇదంతా చదివి డోక్రా బొమ్మలు కొనడం మానేయకండి. ఆ చేతులకు అన్నం పెట్టేది అవే. నేను కొన్న ఎద్దు ఇప్పుడు మా చెల్లెలింట్లో గడియారం పక్కన నిలబడి ఉంది. కింద పసివాడు గుడ్డ బంతి కొరుకుతున్నాడు. వాడికి బుద్ధి తెలిశాక ఆ ఎద్దు ఎలాగూ వాడిదే.