మార్తా కెంట్‌ను అడిగినదెవరు?

2017 నవంబరు 17న విడుదలైన 'జస్టిస్ లీగ్' చిత్రంలో ఒక సన్నివేశం ఉంది. రాత్రివేళ స్మాల్‌విల్ అనే పల్లెలో ఇద్దరు యువకులు ఒక సమాధిని తవ్వుతూ ఉంటారు. ఒకడు మెరుపువేగంతో పరుగెత్తగల బ్యారీ ఆలెన్. రెండవవాడు సగం మనిషి, సగం యంత్రం అయిన విక్టర్ స్టోన్. ఆ సమాధి క్లార్క్ కెంట్‌ది, అంటే సూపర్‌మ్యాన్‌ది. పలుగూ పారా ఆడుతుండగానే వారిద్దరూ తమకు ఈ శక్తులు ఎలా సంక్రమించాయో చెప్పుకుంటారు. నడుమ కొంత చమత్కారం కూడా దొర్లుతుంది. శవపేటిక బయటికి వస్తుంది, కథ ముందుకు సాగిపోతుంది.

ఆ పేటికలోని శవానికి ఒక తల్లి ఉంది. పేరు మార్తా కెంట్. కొడుకును బ్రతికించే ప్రయత్నం చేయవచ్చునా, మట్టిలో ప్రశాంతంగా నిద్రించేవాడిని లేపవచ్చునా అని ఆమెను అడిగినవారు చిత్రంలో ఎక్కడా కనిపించరు.

ఈ చిత్రంలోని లోపాలను ఏకరువు పెట్టినవారు ఎందరో ఉన్నారు. హెన్రీ కావిల్ మరొక చిత్రం కోసం పెంచిన మీసాన్ని కంప్యూటరుతో చెరిపివేసినందువల్ల వికృతంగా మారిన పైపెదవిని గురించి నవ్వుకున్నవారు, ప్రతినాయకుడు స్టెపెన్‌వుల్ఫ్ నిర్జీవంగా ఉన్నాడని పెదవి విరిచినవారు, ఇద్దరు దర్శకుల చేతులు పడటం వల్ల రెండు గొంతులు వినిపిస్తున్నాయని విసుక్కున్నవారు. ఇవన్నీ నిజమే. అయితే మీసం బాగుపడినంత మాత్రాన చిత్రం బాగుపడదు. అసలు లోపం సమాధి దగ్గర ఉంది.

చిత్రం తెర వెనుక కథ కూడా మరణంతో ముడిపడినదే. దర్శకుడు జాక్ స్నైడర్ తన కుమార్తె మరణించిన తరువాత, 2017 మే నెలలో ఈ చిత్రం నుండి తప్పుకున్నాడు. మిగిలిన పనిని, కొత్త సన్నివేశాల రచనను, చిత్రీకరణను జాస్ వీడన్ చేపట్టాడు. నిడివి రెండు గంటలు మించరాదని స్టూడియో పట్టుబట్టినట్లు అప్పట్లో వార్తలు వచ్చాయి. చివరికి వచ్చిన చిత్రం సరిగ్గా 120 నిమిషాలే. ఆరుగురు వీరులు, వారిలో ముగ్గురు ప్రేక్షకుడికి దాదాపు కొత్తవారు, ఒక మరణం, ఒక పునర్జన్మ, ఒక ప్రపంచ సంగ్రామం. ఇంత సామగ్రిని రెండు గంటల్లో ముగించాలంటే దుఃఖానికి కేటాయించడానికి సమయం ఎక్కడిది? ఒక పాట నేపథ్యంలో నల్లగుడ్డలు కట్టిన నగరాలను చూపించి, ఆ లెక్క అంతటితో సరిపెట్టారు.

విచిత్రమేమంటే, ఈ కథను రెండు భాగాలుగా చెప్పాలన్నదే మొదటి సంకల్పం. 2014 అక్టోబరులో సంస్థ తన ప్రణాళికను ప్రకటించినప్పుడు మొదటి భాగానికి 2017 నవంబరు, రెండవ భాగానికి 2019 జూన్ అని తేదీలు కూడా ఇచ్చింది. తరువాత ఆ ఆలోచన మారింది. ఒకే చిత్రం, ఒకే కథ అన్నారు. అదే 2017లో, ఏప్రిల్ నెలలో, అమెరికాలోని తెలుగు కుటుంబాలు కట్టప్ప చేసిన పనికి కారణం తెలుసుకోవడానికి రెండేళ్ళ నిరీక్షణ తరువాత థియేటర్లకు బారులు తీరాయి. కథను సరైన చోట త్రుంచితే ప్రేక్షకుడు విసుగు చెందడని, పైగా ఆ తెగిన చోటునే పట్టుకుని వేచి ఉంటాడని 'బాహుబలి' నిరూపించిన సంవత్సరమే అది. ఎక్కడ త్రుంచాలన్నదే ప్రశ్న.

సూపర్‌మ్యాన్ పుస్తకాలు చదివినవారికి ఈ మరణం కొత్త కాదు. 1992 నవంబరులో వెలువడిన 75వ సంచికలో అతడు డూమ్స్‌డే చేతిలో మరణించాడు. రచయితలు అతడిని మరుసటి సంచికలోనే లేపలేదు. అంత్యక్రియల కోసం, మిత్రుల శోకం కోసం వరుసగా కొన్ని సంచికలు వెచ్చించారు. ఆ తరువాత అతడి పేరు చెప్పుకుంటూ నలుగురు వచ్చారు. వారిలో నిజమైన సూపర్‌మ్యాన్ ఎవరన్న సందేహంతో పాఠకుడు నెలల తరబడి సతమతమయ్యాడు. అతడు తిరిగి వచ్చే సరికి 1993 నడుస్తోంది. అది వ్యాపార తంత్రమేనని వాదించవచ్చు, కావచ్చు కూడా. కానీ లేనితనం అనేది పాఠకుడి అనుభవంలోకి వచ్చింది. సినిమాలో అది రాలేదు.

మన ఆదిపర్వంలోని కచుడి కథ ఇక్కడ గుర్తుకు రాక మానదు. మృతసంజీవని విద్య శుక్రాచార్యుల వద్ద ఉంది. అయినా కచుడు ఊరికే లేవలేదు. దేవయాని కన్నీళ్ళు పెట్టి అడగవలసి వచ్చింది. మూడవసారి అతడు బూడిదగా మారి గురువు కడుపులోనే ఉన్నప్పుడు, శిష్యుడు బ్రతకాలంటే గురువు చావాలి. గురువు ఆ మూల్యం చెల్లించాడు, శిష్యుడు ఆ ఋణం తీర్చాడు. అడిగేవారు ఒకరు, చెల్లించేవారు ఒకరు ఉన్నందువల్లనే ఆ పునర్జన్మకు బరువు వచ్చింది. 2017 చిత్రంలో అడిగినవారూ లేరు, చెల్లించినవారూ లేరు.

2021 మార్చిలో వచ్చిన స్నైడర్ రూపాంతరం ఈ లోటును కొంతవరకు పూడ్చిందన్నది ఒప్పుకోవాలి. 242 నిమిషాలు, ఆరు అధ్యాయాలు, ఒక ఉపసంహారం. చివర దర్శకుడు దానిని తన కుమార్తెకు అంకితమిచ్చాడు. విక్టర్ తండ్రి సైలస్ స్టోన్ ప్రాణత్యాగం చేస్తాడు. ఆ విధంగా ఎవరో ఒకరు మూల్యం చెల్లించారు. లోయిస్ లేన్ ప్రతి ఉదయం స్మారకం వద్దకు వెళ్ళి, అక్కడ కాపలా ఉన్న పోలీసుకు కాఫీ అందించే దృశ్యం ఒక్కటి చాలు, దుఃఖం దినచర్యగా మారడమంటే ఏమిటో చెప్పడానికి. అయితే అందులోనే ఒక పెద్ద అన్యాయం కూడా జరిగింది. మార్తా వచ్చి లోయిస్‌ను ఓదారుస్తుంది. ఇద్దరు స్త్రీలు ఒకే మనిషి కోసం విలపిస్తారు. గుమ్మం దాటగానే ఆ మార్తా రూపం మారిపోతుంది. వచ్చింది మార్తా కాదు, వేషం మార్చుకున్న మరొక గ్రహవాసి! తరువాతి చిత్రాలకు ఒక కొక్కెం తగిలించే ఆతురతలో ఆ తల్లి శోకాన్ని కూడా నటనగా మార్చివేశారు. నాలుగు గంటల నిడివి దొరికినా మార్తాను అడిగినవారు లేకపోయారు.

కనుక కథను మళ్ళీ ఊహించుకోవాలంటే నిడివి ఒక్కటే సరిపోదు. దేని కోసం ఆ నిడివి అన్నది ముందుగా తేల్చుకోవాలి.

మొదటి భాగం సూపర్‌మ్యాన్ లేని కథ కావాలి. అందులో అతడు మాట్లాడరాదు, జ్ఞాపకాల దృశ్యాల్లో కూడా కనిపించరాదు. కథ బ్యాట్‌మ్యాన్‌తో గాక విక్టర్ స్టోన్‌తో మొదలు కావాలి. ఎందుకంటే ఈ బృందంలో చావు అంచు నుండి వెనక్కు లాగబడినవాడు అతడొక్కడే. ప్రమాదంలో శరీరం ఛిద్రమైన కొడుకును తండ్రి సైలస్, మదర్ బాక్స్ శక్తితో బ్రతికించుకున్నాడు. కొడుకు ఆ ఋణాన్ని క్షమించలేదు. 'నన్ను అడిగావా?' అన్న ఒక్క ప్రశ్న వారిద్దరి మధ్య గోడగా నిలిచింది. మందులు, యంత్రాలు నిలబెట్టిన ప్రాణాన్ని రోగి ఎల్లవేళలా కృతజ్ఞతతో స్వీకరిస్తాడనుకోవడం ఆసుపత్రి గుమ్మం తొక్కనివారి భ్రమ. విక్టర్ గది చీకటిలో ఈ భాగం మొదటి అరగంట గడిచినా నష్టం లేదు.

మూడు పెట్టెల పూర్వకథ, అమెజాన్ స్త్రీల ద్వీపంపై దాడి, అట్లాంటిస్‌లో రెండవ పెట్టె చేజారడం, ఇవి ఉన్నవి ఉన్నట్లుగానే వేగంగా సాగిపోవచ్చు. ఆర్థర్ కర్రీ పూర్వాపరాలను రెండవ భాగానికి వాయిదా వేసినా ఇబ్బంది లేదు. మొదటి భాగం రెండవ సగమంతా ఒకే చర్చకు అంకితం కావాలి: చనిపోయినవాడిని లేపవచ్చునా? యుద్ధం కంటే యుద్ధానికి ముందు జరిగే మాటలకే ఎక్కువ చప్పట్లు కొట్టిన జాతికి ఇది చెప్పనక్కరలేదు. మనవారు రాయబారం పద్యాల కోసం తెల్లవార్లూ మేలుకున్నవారు. 2017 చిత్రంలో ఈ చర్చ కొద్ది నిమిషాలు నడుస్తుంది. బ్రూస్ వేన్ డయానాను ఆమె ప్రియుడు స్టీవ్ ట్రెవర్ పేరెత్తి గాయపరుస్తాడు, ఆమె అతడిని నెట్టివేస్తుంది. మంచి బీజమే, మొలకెత్తే లోపలే పలుగూ పారా వచ్చేశాయి.

ఆ చర్చ కొలిక్కి రానప్పుడు విక్టర్ అంటాడు: 'అతడిని అడగలేం. అడగగలిగినవారు ఒకరున్నారు.' బ్రూస్ ఒంటరిగా స్మాల్‌విల్‌కు బయలుదేరుతాడు. బ్యాంకు జప్తు చేసిన ఇంటిలో మార్తా సామాను సర్దుకుంటూ ఉంటుంది (జప్తు సంగతి అసలు చిత్రంలో ఉన్నదే; చివర బ్రూస్ ఏకంగా బ్యాంకునే కొనేశాడన్న హాస్యానికి మాత్రమే అది ఉపయోగపడింది). 2016 నాటి 'బ్యాట్‌మ్యాన్ వర్సెస్ సూపర్‌మ్యాన్'లో బల్లెం ఎత్తిన బ్రూస్ చేతిని ఆపినది ఈమె పేరే, అతడి తల్లి పేరు కూడా అదే కావడం వల్ల. లోకమంతా ఎగతాళి చేసిన ఆ పేరుకు సార్థకత దక్కే చోటు ఇది. తల్లిని చిన్ననాడే పోగొట్టుకున్న కొడుకు, కొడుకును పోగొట్టుకున్న తల్లి ఎదురుగా కూర్చుంటాడు. లోకానికి ముప్పు వచ్చిందని అతడు చెబుతాడు. ఆమె అడిగేది ఒక్కటే: 'లేచేది నా కొడుకేనా?' అతడు అబద్ధం చెప్పలేడు. తెలియదంటాడు. ఆమె సరేననదు, కాదనదు. కొడుకు చొక్కా ఒకటి మడతపెట్టి అతడి చేతిలో ఉంచి లోపలికి వెళ్ళిపోతుంది. దానిని అంగీకారంగా తీసుకున్నది బ్రూస్. ఆ తరువాత జరిగే ప్రతి విపరీతానికీ బాధ్యత అతడిదే అవుతుంది.

మొదటి భాగం ముగింపుకు కొత్తగా కల్పించవలసినది ఏమీ లేదు. పడిపోయిన తన విగ్రహం ముందు సూపర్‌మ్యాన్ లేచి నిలబడతాడు, మిత్రులను గుర్తించడు, వారిపై విరుచుకుపడతాడు. గుండె ఆగి తిరిగి కొట్టుకున్న రోగి మేలుకున్నాక అయినవారిని పోల్చుకోలేక, మంచం పట్టీల మధ్య పెనుగులాడే దృశ్యం వైద్యులకు కొత్త కాదు. చిత్రంలో లోయిస్ కారు దిగి పిలవగానే అతడు శాంతిస్తాడు. బ్రూస్ ఆమెను ముందే ఏర్పాటు చేసి ఉంచాడు. ఇక్కడ ఆమె రాదు. అతడి చేయి బ్రూస్ కంఠం మీద ఉండగా, నిర్లక్ష్యంగా వదిలివేసిన మూడవ పెట్టెను స్టెపెన్‌వుల్ఫ్ ఎత్తుకుపోతాడు. సూపర్‌మ్యాన్ ఆకాశంలోకి లేచి అదృశ్యమవుతాడు. చొక్కా నేల మీద ఉంటుంది. తెర దిగాలి.

రెండవ భాగం పొలంలో మొదలవుతుంది. పునర్జీవితుడు ఒక్క సంభాషణతో కోలుకోవడం 2017 చిత్రం చేసిన మరొక తొందరపాటు. ఇక్కడ అతడికి మాటలు రావు. మొదట వెలుతురును, తరువాత మొక్కజొన్న చేనును, ఆ తరువాత లోయిస్‌ను గుర్తుపడతాడు. యుద్ధానికి వెళ్ళనంటాడు. ఒకసారి చనిపోయినవాడికి ఆ హక్కు ఉంది. మరోవైపు మూడు పెట్టెలూ శత్రువు వశమై, ఆశ అడుగంటిన ఐదుగురు. ఆర్థర్ తనను విడిచిపోయిన తల్లి లోకానికి దిగవలసి వస్తుంది. బ్యారీ జైలులో ఉన్న తండ్రికి వీడ్కోలు చెప్పవలసి వస్తుంది. స్టెపెన్‌వుల్ఫ్ బహిష్కృతుడని, యజమాని క్షమిస్తే ఇంటికి పోవాలన్నదే అతడి తపన అని 2021 చిత్రం చెప్పింది. దానిని నిలుపుకోవాలి. ఇంటికి చేరినవాడు కదలనంటాడు, ఇల్లు లేనివాడు లోకాలను తగులబెడతాడు.

పతాక సన్నివేశంలో సూపర్‌మ్యాన్ రాగానే మిగిలినవారంతా నిరుపయోగులు కావడం ఈ చిత్రానికి పట్టిన పెద్ద జబ్బు. ఐదుగురు గంటన్నర చేయలేనిది అతడు నిమిషంలో చేస్తే బృందం దేనికి? ఈ ఊహలో అతడు స్టెపెన్‌వుల్ఫ్‌ను తాకనైనా తాకడు. ఊరిని ఖాళీ చేయించి, ఇళ్ళల్లో చిక్కుకున్నవారిని ఒక్కొక్కరినే మోసుకుపోతాడు. పెట్టెలను విడదీయవలసినవాడు విక్టర్; వాటి శక్తి తనకు పాత శరీరం ఇస్తానన్నప్పుడు, ఈసారి అడిగారు గనుక, వద్దనే స్వేచ్ఛ అతడికి ఉంటుంది.

అంతా ముగిశాక బ్రూస్ మళ్ళీ స్మాల్‌విల్ వెళతాడు. బ్యాంకు సంగతి ఎవరూ ఎత్తరు. వరండాలో సగం విప్పిన అట్టపెట్టెలు ఉంటాయి. మార్తా అతడికి ఒక పెట్టె అందించి, వంటింటి సామాను ఎక్కడ పెట్టాలో చెబుతుంది.