అమృతవిలాసపు నవ్వు

హాస్యమున కాయువు తక్కువ యందురు. అయినను 2001లో జెమినీ టెలివిజనునందు మొదలై 2007లో ముగిసిన ‘అమృతం’ ధారావాహికను మా ఆదిభట్లలో అద్దెగదుల యువకులు నేటికిని భోజనమువేళ యూట్యూబులో చూచి నవ్వుచున్నారు. వారిలో కొందఱు నాటికి పలక పట్టనివారు!

కథ యెంత? అమృతరావు, ఆంజనేయులు అను మిత్రులు హోటలు నడుపుచు, త్వరగా ధనికులు కావలెనని పన్నాగములు పన్ని భంగపడుదురు. ఇంటి యజమాని అప్పాజీ అద్దెకై వేధించును. టాటావారి విమానభాగముల కర్మాగారమును, టీసీయస్ కార్యాలయమును వచ్చి పొలములు ప్లాట్లయిన మా యూర, నెలమొదట అద్దె లెక్కించువారి కప్పాజీ నవ్వు పుట్టించుట వింతగాదు.

సంస్కృతనాటకమున విదూషకుడు నాయకుని నీడ. ఇచట తాఱుమాఱు. అమృతరావు వేషమును శివాజీరాజా, నరేశ్, హర్షవర్ధన్ ముగ్గురును ధరించిరి. ఆంజనేయులు మాత్రము గుండు హనుమంతరావే. ఆయన 2018లో గతించెను. 2020 ఉగాదికి వచ్చిన ‘అమృతం ద్వితీయం’లో ఎల్.బి. శ్రీరామ్ ఆ పాత్ర ధరించెను. గొప్ప నటుడే, కాని మా కన్నుల కానలేదు.

అప్రియమైనను ఒకమాట చెప్పవలయును. హోటలు పనివాడు సర్వం యొక్క తెలివితక్కువకును, వాని యజమానుల తెలివితక్కువకును మనము సమానముగ నవ్వుట లేదు. వానిని కసరినప్పుడు మఱికొంత గట్టిగ నవ్వుదుము. మొన్న మేము భోజనమునకు బోయిన మెస్సులో ఒక యువకుడు ఆ ఘట్టము చూచుచు, నీళ్లు తెచ్చిన పనివానిని “ఒరేయ్ సర్వం!” అని పిలిచెను. అందఱును నవ్విరి. ఆ పనివాడు ‘అమృతం’ చూచినవాడు కాడు. గ్లాసులు బల్లపై నుంచి, తన పేరు చెప్పి వెడలిపోయెను.